దేవుడికి తెలియకుండా

జూన్ 14

ప్రియమైన అక్కకు,

ఏర్పాటు జరిగిపోయిందక్కా. ఎప్పుడో, మనమెవరమూ పుట్టకముందే జరిగిపోయింది. ఇంతకాలం నేను ఊరికే కంగారుపడ్డాను.

ఇక్కడ రెండో సంవత్సరం మొదలైంది. పాస్టరు చదువులో రెండో ఏడే గడ్డు అని పై తరగతివాళ్ళు ముందునుంచీ భయపెడుతున్నారు, నిజమే. ఈ టర్ములో ఒక్కొక్కరం ఒక్కో అంశం మీద పెద్ద వ్యాసం రాయాలి. ప్రిన్సిపాలుగారు గిన్నెలో చీటీలు వేసి తీయమంటే నాకు ఏర్పాటు సిద్ధాంతం వచ్చింది. అంటే, రక్షణ పొందేవాళ్ళెవరో లోకానికి పునాది పడకముందే దేవుడు నిర్ణయించేశాడన్న మాట. ఈ చీటీ నాకే రావాలని కూడా నిర్ణయమై ఉంటుందని నా గదిలోవాడు నవ్వాడు. వాడితో సరదాగానే ఉంటుంది కానీ వాడి గురక మాత్రం రంపపు మిల్లు. మొన్న వాడి గురకకే వాడు ఉలిక్కిపడి లేచి నన్ను తిట్టాడు.

పది రోజులుగా లైబ్రరీలో కూర్చుని చదువుతుంటే నా గుండె మీద బరువు దిగిపోయిందక్కా. నాన్నతో చెప్పు, ఇకమీదట చర్చికి వెళ్ళమని నేను సతాయించను. అమ్మ పోయినప్పటినుంచి, పదకొండేళ్ళుగా నువ్వొకసారి నేనొకసారి ఆయన్ని పోరుతూనే ఉన్నాం. ఆయన చర్చి గడప తొక్కింది లేదు. ఆయన సంగతి ఎప్పుడో తేలిపోయింది. ఎలా తేలిందో మనకు తెలియదు, మార్చడం మన చేతుల్లో లేదు. అందుకే నేనిప్పుడు హాయిగా నిద్రపోతున్నాను, గురక లేని రోజుల్లో.

నా కళ్ళజోడు కుడి కాడ విరిగింది. దారం కట్టి నెట్టుకొస్తున్నాను. మీ షాపులో ఇలాంటి కాడ ఉంటే పంపు.

బావకు, నాన్నకు నా వందనాలు. మీరు బాగున్నారని నువ్వు రాసేదాకా నమ్మను కాబట్టి త్వరగా రాయి.

నీ తమ్ముడు


జూన్ 21

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. అందకుండా ఎక్కడైనా పడిపోయినా బాగుండేది.

మొదటి లైను చూడగానే మీ బావ నీకు పెళ్ళి కుదిరిందనుకుని, అమ్మాయి ఏం చేస్తుందని అడిగాడు. పునాది పడకముందు అన్న ముక్క వినగానే అమ్మాయివాళ్ళు ఇల్లు కట్టుకుంటున్నారేమో అన్నాడు. అదలా ఉంచు. నీ ఉత్తరాలు నాన్నకు పైకి చదివి వినిపించేది నేనేనని నీకు తెలుసు కదా. పదేళ్ళుగా కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తున్న కూతుర్ని పక్కన పెట్టుకుని కూడా ఆయన జోడు పెట్టుకోడు. నలభై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన కళ్ళివి అంటాడు. నేను ముందుగా చూసుకోకుండా గడగడా చదువుకుంటూ పోయి ఆ "తేలిపోయింది" దగ్గరికి వచ్చేశాను. మింగేద్దామంటే అప్పటికే నోట్లోంచి వచ్చేసింది.

నాన్న టీ కప్పు కింద పెట్టాడు.

"ఎవరు తేల్చారు?"

దేవుడట అన్నాను.

"నన్నడిగాడా?"

ఆయన లేచి కిటికీ దగ్గర నిలబడి, కింద రోడ్డు మీద వచ్చే పోయే బస్సులు చూస్తూ, స్టాపులో నిలబడ్డవాళ్ళలో ఎవరెక్కాలో డిపోలోనే జాబితా రాసుకుని తానెప్పుడూ బయల్దేరలేదని గొణిగాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున చూస్తే ఒక కాలికి నల్ల బూటు, ఇంకో కాలికి గోధుమరంగు బూటు. ఏంటి నాన్నా ఇది అంటే, దేవుడికి తెలియని పని ఒకటి చేయాలన్నాడు. కండక్టరు బాబాయిని పిలుచుకుని వెళ్ళాడు. బాబాయి ఇరవయ్యేళ్ళు ఆయన బస్సులో టిక్కెట్లు కొట్టినవాడు, ఇప్పటికీ ఆయన బెల్లు కొట్టమంటే కొట్టే మనిషి. ఇద్దరూ మొదట వచ్చిన బస్సెక్కి, నంబరు కూడా చూడకుండా, ఏడో స్టాపులో దిగారట. అక్కడన్నీ రంగుల దుకాణాలట. మధ్యలో ఒక క్షౌరశాల ఉంటే నాన్న లోపలికి వెళ్ళి కూర్చున్నాడు.

మీసం తీయించేశాడురా. నువ్వూ నేనూ పుట్టినప్పటినుంచి చూస్తున్న మీసం. నేను తలుపు తీసి, ఎవరు కావాలండీ అన్నాను. మీ బావ వంటింట్లోకి పారిపోయి చెంగు, అదే, తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. నాన్న మాత్రం పరీక్ష పాసైనవాడిలా కూర్చుని, "ఇది ఊహించి ఉండడు" అన్నాడు. బాబాయి నా చెవిలో, ఇది కూడా తెలిసే ఉంటుందేమోనమ్మా, చెప్తే గుండు కొట్టించుకుంటాడని చెప్పలేదు అన్నాడు.

కాడ పంపుతున్నాను. స్క్రూ చిన్నది, కింద పడితే దొరకదు, పళ్ళెంలో పెట్టుకుని బిగించు. ఇలాంటి ఉత్తరాలు ఇంకోసారి రాస్తే నాకు విడిగా రాయి, వేరే కాగితం మీద.

అక్క


జూన్ 27

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం భోజనాల గదిలో చదివి గట్టిగా నవ్వేశాను. ప్రార్థన జరుగుతోందని తర్వాత తెలిసింది. ప్రిన్సిపాలుగారు పిలిపించి అడిగితే మీసం సంగతి చెప్పక తప్పలేదు. ఆయన నవ్వలేదు కానీ, మీ నాన్నగారిని నేను కలుసుకోవాలి అన్నారు.

తప్పు నాదే. నేను సగమే చెప్పాను. ఇక్కడే రెండు పక్షాలున్నాయక్కా. మా బల్లకు అటువైపు కూర్చునేవాళ్ళు, దేవుడు తన ఇష్టప్రకారం, మనలో ఏ మంచీ చూడకుండానే కొందర్ని ఎన్నుకున్నాడంటారు. అలా అయితేనే అది ఉచితంగా ఇచ్చిన కృప అవుతుందంటారు. ఇటువైపువాళ్ళు, ఎవరు తనను నమ్ముతారో ఆయనకు ముందే కనిపించింది, కనిపించినవాళ్ళనే ఎన్నుకున్నాడంటారు. అలా అయితేనే మనిషి మనిషిగా మిగులుతాడంటారు. రెండువైపులవాళ్ళూ అవే వచనాలు చూపిస్తారు. ఒకరితో ఒకరు మాటలు మానేశారు. నేను మూల కుర్చీలో కూర్చుంటున్నాను కాబట్టి ఉప్పు అటూ ఇటూ అందించేది నేనే.

నాన్నకు ఈ ఒక్క ముక్క నెమ్మదిగా చెప్పు. ఒక పని జరుగుతుందని తెలియడం వేరు, దాన్ని చేయించడం వేరు. ఆయన మీసం తీయించుకుంటాడని దేవుడికి ఎప్పుడో తెలుసు. అయినా ఆ కుర్చీలో కూర్చున్నది నాన్నే, తన ఇష్టంతోనే. తెలియడం వల్ల ఆయన స్వేచ్ఛకు వెంట్రుకంత లోటు రాలేదు. (ఈ చివరి వాక్యం బాగుందని వ్యాసంలో కూడా పెట్టుకున్నాను.)

ఒకటి అడగనా? నాన్న చర్చి మానేసింది చివరి బెంచీ గొడవ వల్లేనా? అమ్మ పోయినప్పుడు నాకు పదేళ్ళు. పిన్నివాళ్ళింట్లో ఉంచారు నన్ను. తిరిగొచ్చేసరికి, సంఘపెద్దలు ఆయన కూర్చునే బెంచీ తీసేసి అక్కడ బీరువా పెట్టారని, అందుకే అలిగాడని అందరూ అనుకునేవాళ్ళు. నేనూ అదే నమ్మాను. బెంచీ కోసం పదకొండేళ్ళు అలిగే మనిషా అని ఇప్పుడనిపిస్తోంది.

కాడ సరిపోయింది. స్క్రూ కింద పడింది, దొరకలేదు. దారమే గతి.

నీ తమ్ముడు


జూలై 6

తమ్ముడూ,

ఈసారి నవ్వు రాదు నీకు. కూర్చుని చదువు.

నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. ఆదివారం మధ్యాహ్నం, మీ బావ పడుకున్నాక, నాన్న కిటికీ దగ్గర బూట్లకు పాలిష్ వేసుకుంటుంటే పక్కన కూర్చుని, మీసం సంగతి కూడా దేవుడికి ముందే తెలుసట నాన్నా అన్నాను. ఓడిపోయినందుకు విసుక్కుంటాడనుకున్నాను. బ్రష్షు పక్కన పెట్టేశాడు.

"అన్నీ ముందే తెలుసా?"

అన్నీ అట అన్నాను.

"ఆ మంగళవారం కూడా?"

ఏ మంగళవారమో నాకర్థమైంది. మనింట్లో మంగళవారం అంటే ఒకటే.

అప్పుడు చెప్పాడురా, ఇన్నేళ్ళకు. ఆ రోజు పొద్దున అమ్మ మంచం మీదనుంచి లేస్తూ, ఛాతీలో బరువుగా ఉందండీ అందట. సెలవు పెట్టనా అని ఈయన అడిగాడు. మొదటి ట్రిప్పు ఐదున్నరకు, ఆ రూట్లో ఈయన వెళ్ళకపోతే ఇంకో డ్రైవరు లేడు. అమ్మ వద్దంది. ఈయన వెళ్ళాడు. పదింటికి డిపోకి కబురొచ్చింది. కబురు తెచ్చింది కండక్టరు బాబాయే. నేను అప్పటికి వేరే ఊళ్ళో అద్దాల పని ట్రెయినింగులో ఉన్నాను, నాకింత వివరం తెలియదు. గుండెపోటు అన్నారు, అంతే తెలుసు.

సమాధి దగ్గర మన పాత పాస్టరుగారు నాన్న భుజం మీద చెయ్యి వేసి, ఇది దేవుడు ముందే నిర్ణయించిన గడియ, ఎవరూ ఆపలేరు అన్నారట. ఓదార్పుగానే అన్నారు. నాన్న ఆ చెయ్యి తీసేసి నడుచుకుంటూ వచ్చేశాడు. బెంచీ తీసేసింది నెల తర్వాత. జనం దాన్నీ దీన్నీ కలిపేశారు, ఈయన కూడా పోనీలే అని ఊరుకున్నాడు.

ఆయనన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "నిర్ణయమే అయితే నేను దేవుడి మీద కోపంగా ఉండాలి. కాకపోతే నా మీద నేను కోపంగా ఉండాలి. ఆయన మీదైతే తట్టుకుంటాడు. నేను తట్టుకోలేను. అందుకని ఆయన మీదే పెట్టుకున్నాను."

మళ్ళీ బ్రష్షు తీసుకుని పాలిష్ వేసుకున్నాడు. రెండూ నల్ల బూట్లే ఈసారి.

నేను ఇప్పటిదాకా ఆయన్ని ఎన్నిసార్లు పోరానో తలచుకుంటే మొహం చెల్లడం లేదు. అమ్మ కోసమైనా చర్చికి రా నాన్నా అనేదాన్ని కదా, ప్రతి ఏడూ. ఏ మాట ఎక్కడ తగులుతోందో తెలియకుండా అన్నాను. నీ మీద కూడా కోపమొచ్చిందిరా మొదట. చీటీలో వచ్చిన అంశం కోసం ఉన్న పుండు కెలికాడు వీడు అనుకున్నాను. తర్వాత అనిపించింది, కెలక్కపోతే ఆయన చెప్పేవాడే కాదు.

నీకు తెలిసినదేదైనా ఉంటే రాయి. లైబ్రరీలోది కాదు.

అక్క


జూలై 12

అక్కా,

మూడు రోజులు ఏమీ రాయలేకపోయాను. వెంట్రుకంత లోటు రాలేదు అన్న వాక్యం మీద గీత కొట్టేశాను. తర్వాత ఆ పేజీయే చించేశాను.

ప్రిన్సిపాలుగారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఏదైనా గొప్ప జవాబు చెబుతారని వెళ్ళాను. ఆయన మాత్రం, ఈ ఏర్పాటు మాటను దేవుడు మనకిచ్చింది మన సంగతికి మనం కృతజ్ఞత చెప్పుకోవడానికే, పక్కవాడి సంగతి తేల్చిపారేయడానికి కాదు, ఏడుస్తున్నవాడి నోరు మూయించడానికి అసలే కాదు అన్నారు. నేను చేసినవి ఆ రెండే. నాన్న సంగతి తేలిపోయిందని రాసి హాయిగా నిద్రపోయాను. ఎంత సుఖంగా రాశానో చూడు. దాన్ని విశ్వాసం అనుకున్నాను. పోరి పోరి విసిగిపోయాను, మానేయడానికి ఒక సాకు కావాలి, దొరికింది. అంతే.

నాన్నకు విడిగా ఒక కాగితం పెడుతున్నాను. నువ్వు చదివి బాగుందనిపిస్తేనే ఇవ్వు.

నీ తమ్ముడు

(విడి కాగితం)

నాన్నా,

మీ సంగతి తేలిపోయిందని రాశాను. అలా రాయడానికి నేనెవర్ని? క్షమించండి.

అమ్మ గడియ ముందే నిర్ణయమైందా, మీరు సెలవు పెట్టి ఉంటే అది మారేదా, నాకు తెలియదు. ఈ చదువంతా అయ్యాక కూడా తెలుస్తుందన్న నమ్మకం లేదు. మీరు దేవుడి మీద కోపంగా ఉన్నారని అక్క రాసింది. ఆయన లేడనుకునేవాళ్ళు ఆయన మీద కోపం పెట్టుకోరు కదా. పదకొండేళ్ళుగా మీరు ఆయనతో మాట్లాడుతూనే ఉన్నారేమో అనిపిస్తోంది, మా అందరికంటే ఎక్కువగా.

ఆ మాట అన్న పాస్టరుగారు ఇప్పుడు రిటైరై వాళ్ళ ఊళ్ళో ఉన్నారు. ఇక్కడి రిజిస్టరులో చిరునామా చూశాను. కింద రాస్తున్నాను. వెళ్ళమని కాదు. ఆయన్ని అడిగే హక్కు మీకుంది కాబట్టి.

మీ అబ్బాయి


జూలై 18 (కార్డు)

తమ్ముడూ, నాన్న వెళ్ళిపోయాడు. పొద్దున్నే, నీ కాగితం జేబులో పెట్టుకుని. షాపులో చేతినిండా పని, తర్వాత వివరంగా రాస్తాను. అక్క


జూలై 21

అక్కా,

వెళ్ళిపోయాడంటే ఏంటి? ఎక్కడికి? ఆ కాగితం చూసి మనసు విరిగి ఇల్లు వదిలేశాడా? ఇలాంటి సంగతి కార్డు మీద మూడు లైన్లు రాసి, షాపులో పని అంటావా? హాస్టల్లో ఉన్న ఒక్క ఫోనూ వారం నుంచి చచ్చిపడి ఉంది. వీధి చివర ఫోన్ బూత్ నుంచి మీ షాపుకి చేస్తే ఎవరో ఎత్తి, కళ్ళజోడు రెడీ అయింది తీసుకెళ్ళండి అని పెట్టేశారు.

నా గదిలోవాడు నన్ను కూర్చోబెట్టి, మీ నాన్న ఎక్కడున్నాడో దేవుడికి తెలుసు, అంతా ఆయన నిర్ణయం ప్రకారమే జరుగుతుంది అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. మాట కూడా తప్పు కాదు. నేను తలగడ తీసి వాడి మొహం మీద విసిరాను. విసిరాక కూర్చుండిపోయాను. సమాధి దగ్గర ఆ చెయ్యి భుజం మీద పడ్డప్పుడు నాన్నకు ఎలా ఉండిందో నాకు అప్పుడు కొంచెం తెలిసిందక్కా. వాడికి క్షమాపణ చెప్పాను. తలగడ బాగా మెత్తనిది, మళ్ళీ విసరొచ్చు అన్నాడు.

బ్యాగు సర్దుకుని ఉన్నాను. ఈ ఉత్తరానికి జవాబు రాకపోతే శనివారం బయల్దేరతాను.

తమ్ముడు


జూలై 24

ఒరే పిచ్చివాడా,

బ్యాగు విప్పెయ్. నీ ఉత్తరం, నాన్న, ఇద్దరూ ఈ పొద్దున ఒకరి వెనకాల ఒకరు వచ్చారు. ఊరెళ్ళాడు అని రాయాల్సింది వెళ్ళిపోయాడు అని రాశాను. ఒక్క ముక్కకు ఇంత తేడా వస్తుందని నాకేం తెలుసు? ఫోనెత్తింది కొత్తగా చేరిన అమ్మాయి, ఎవరు చేసినా ఆ ఒక్క మాటే చెబుతుంది.

పాత పాస్టరుగారి దగ్గరికే వెళ్ళాడు. నాకు చెప్పింది కూడా గుమ్మంలో బూట్లు కట్టుకుంటూనే. ఐదు గంటల ప్రయాణం. డ్రైవరు వెనక సీట్లోనే కూర్చుని, గేరు ఎప్పుడు మార్చాలో ఐదు గంటలూ మనసులో మార్చుకుంటూనే వెళ్ళి ఉంటాడు.

అక్కడ ఆయన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. పాస్టరుగారికి ఎనభై దాటాయి, వినికిడి తక్కువ. మీసం లేని నాన్నను చూసి, కుళాయి బాగుచేయడానికి వచ్చిన మనిషి అనుకుని వంటింట్లోకి తీసుకెళ్ళారట. నాన్న మారు మాట్లాడకుండా కుళాయి బాగుచేశాడు. వాషరు పోయిందట, తన బ్యాగులోని పాత రబ్బరు కోసి వేశాడు. చేతులు తుడుచుకున్నాక తను ఎవరో, ఎందుకు వచ్చాడో చెప్పాడు. వినపడలేదు. మళ్ళీ గట్టిగా చెప్పాడు. పక్కింటివాళ్ళకు కూడా వినపడి ఉంటుంది.

పాస్టరుగారు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టారట. తర్వాత, ఆ మాట నేను చాలామంది సమాధుల దగ్గర అన్నాను, ఏమనాలో తెలియనప్పుడల్లా అదే అనేవాణ్ణి అన్నారట. నాలుగేళ్ళ కిందట ఆయన భార్య పోతే వేరే పాస్టరుగారు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి సరిగ్గా ఆ మాటే అన్నారట. అప్పుడు తెలిసిందయ్యా అది ఎంత బరువో అన్నారట.

అబద్ధమా మరి అని నాన్న అడిగాడు.

"అబద్ధం అనను. ఇప్పటికీ నిజమనే నమ్ముతాను. కానీ ఆ రోజు నీకు చెప్పాల్సింది అది కాదు. ఏమీ అనకుండా నీ పక్కన నిలబడాల్సింది."

అప్పుడు నాన్న రెండోది అడిగాడు. తను ఆ రోజు డ్యూటీకి వెళ్ళకపోయి ఉంటే అమ్మ బతికేదా అని. ఆయన తనకు తెలియదన్నారు. ఆమెకు బాగోలేదని నీకు తెలిసినట్టే, నువ్వు వెళ్తున్నావని ఆమెకూ తెలుసు కదా, ఏమంది అని అడిగారు. అన్నం డబ్బా మర్చిపోతున్నారు అని గుమ్మందాకా వచ్చి చేతికిచ్చింది అన్నాడు నాన్న. "అయితే పంపింది ఆవిడే" అన్నారాయన. నాన్న అక్కడే ఏడ్చాడటరా. ఈ ముక్క నాకు చెప్పేటప్పుడు మాత్రం, కుళాయి బాగుచేసినప్పుడు కంట్లో నీళ్ళు పడ్డాయన్నాడు.

ఆరు రోజులుండిపోయాడు. ఇద్దరూ పొద్దునపూట ఆ ఊరి బస్సెక్కి చివరిదాకా వెళ్ళి రావడం, దేవుడికి అన్నీ ముందే తెలియడం గురించి వాదించుకోవడం. వినపడని మనిషితో వాదం కాబట్టి బస్సంతా విన్నదట.

అసలు సంగతి ఇప్పుడు. తిరుగు ప్రయాణంలో ఏదో స్టాపులో ఒకావిడ సంచి పట్టుకుని దూరంనుంచి పరిగెత్తుకొస్తోంది. డ్రైవరు చూసుకోకుండా కదిలించబోతే నాన్న వెనకనుంచి, ఆవిడ వస్తోంది ఆగు అన్నాడట. ఆగాడు. ఆవిడ ఎక్కింది. అప్పుడు గుర్తొచ్చిందట అమ్మ. మనిద్దరికీ ఎవరూ చెప్పలేదురా ఈ కథ. పెద్దవాళ్ళు కుదిర్చిన పెళ్ళి అనుకున్నాం కదా. అమ్మ అప్పుడు ఆసుపత్రిలో దుప్పట్లు లెక్కచూసే పనిలో ఉండేదట, రోజూ ఆలస్యమే. నాన్న బస్సు మలుపు తిరిగేసరికి ఆవిడ ఇంకా సందు చివర ఉండేది. జనం తిడుతున్నా ఈయన బ్రేకు మీద కాలు పెట్టి ఆపి ఉంచేవాడు. ఏడు నెలలు అలా ఆపాక పెద్దవాళ్ళు రంగంలోకి దిగారు.

మా షాపు మెట్ల మీద కూర్చుని నాకిలా చెప్పాడు. "ఆమె వస్తుందని నాకు తెలుసు. నాకు తెలియడం వల్ల కాదు ఆమె పరిగెత్తింది, ఆమె కాళ్ళతో ఆమే పరిగెత్తింది. కానీ నేను ఆపకపోతే ఎంత పరిగెత్తినా అందేది కాదు."

మీ కాలేజీ బల్లకు ఇది ఏ వైపు పడుతుందో నాకు తెలియదు. నేను చేతిలో ఉన్న అద్దం పక్కన పెట్టి ఆయన వంకే చూస్తూ కూర్చున్నాను.

స్క్రూలు నాలుగు పంపుతున్నాను. మూడు పోగొట్టుకునే వీలుంది.

అక్క


ఆగస్టు 1

అక్కా,

అమ్మ పరిగెత్తడం నాకు గుర్తు లేదు. వంటింట్లో నిదానంగా తిరిగే అమ్మే గుర్తు. నీ ఉత్తరం చదివినప్పటినుంచి సంచి పట్టుకుని పరిగెత్తుకొచ్చే అమ్మాయే కనిపిస్తోంది. ఈ రోజు క్లాసులో కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే మాష్టారు రెండుసార్లు పిలిచారట, వినలేదు.

నాన్న అన్న మాట భోజనాల బల్ల దగ్గర చెప్పాను. అటువైపువాళ్ళు, బస్సు ఆపింది ఆయనే కదా, చూశారా అన్నారు. ఇటువైపువాళ్ళు, పరిగెత్తింది ఆమే కదా, చూశారా అన్నారు. కానీ నెల తర్వాత మొదటిసారి ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకున్నారు. నేను ఉప్పు అందించకుండా భోజనం చేశాను.

నాన్న చర్చికి వెళ్తాడా అని అడగాలని ఉంది. అడగను. నువ్వూ అడగకు. ఆయన ఎలా ఉన్నాడో మాత్రం రాయి, పొడుగ్గా రాయి. కార్డు మీద వద్దు.

నీ తమ్ముడు


ఆగస్టు 11

తమ్ముడూ,

నేనేమీ అడగలేదు. దేవుడి మీద ఒట్టు పెట్టొచ్చో లేదో నువ్వే చెప్పాలి, కానీ నిజంగా అడగలేదు.

నిన్న ఆదివారం. నేనూ మీ బావా తయారై మెట్లు దిగుతుంటే నాన్న కింద వీధిగుమ్మంలో నిలబడి ఉన్నాడు, తల దువ్వుకుని, పక్కన కండక్టరు బాబాయి. ఎక్కడికి నాన్నా అనబోయి నాలుక కరుచుకున్నాను. నలుగురం నడిచాం. దారి పొడుగునా ఆయన మాట్లాడింది ఒక్కటే, ఈ రోడ్డు మీద గుంతలు ఎవరూ పూడ్చరా అని.

లోపల చివరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. బాబాయి ఆయన పక్కన. మేం ఇద్దరం ముందు కూర్చుని వెనక్కి తిరిగి చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డాం. కొత్త పాస్టరుగారు కుర్రవాడు, ఈయనెవరో తెలియదు, కాబట్టి ఎవరూ ప్రత్యేకంగా ఆహ్వానించి ఇబ్బంది పెట్టలేదు. పాటలప్పుడు మాత్రం ఒక బొంగురు గొంతు వెనకనుంచి వినిపించింది, అందరికంటే అర లైను వెనకాల. మీ బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

ప్రభువు బల్ల సమయం వచ్చింది. వరసలు వరసలుగా లేచి రొట్టె అందుకోవడానికి ముందుకు వెళ్తున్నారు. అప్పుడిక ఆగలేక తిరిగి చూశాను. నాన్న లేచాడు. కూర్చున్నాడు. వెనక వరస అంతా అయిపోయింది. బాబాయి వెళ్ళకుండా పక్కనే కూర్చుని, ఏమీ అనకుండా, మోకాళ్ళు పక్కకు తిప్పుకుని దారి ఇచ్చాడు. అలా తిప్పుకునే కూర్చున్నాడురా, ఎంతసేపో. పాస్టరుగారు ఇంకెవరైనా ఉన్నారా అన్నట్టు తలెత్తి చూశారు. అప్పుడు నాన్న లేచి ముందుకు నడిచాడు. అందరిలోకీ ఆఖరివాడు. రొట్టె ముక్కను రెండు చేతులూ చాచి అందుకున్నాడు. నలభై ఏళ్ళు స్టీరింగు పట్టిన చేతులు.

బయటికొచ్చాక గుమ్మం దగ్గర కొత్త పాస్టరుగారిని నిలబెట్టి, మీ ప్రసంగంలో ఒక చోట నాకు నచ్చలేదు అని మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలు. వచ్చే ఆదివారం మిగతాది మాట్లాడుకుందామని పాస్టరుగారే అన్నారు, పాపం.

ఇంటికొచ్చి భోజనం అయ్యాక కిటికీ దగ్గర కూర్చున్నాడు. నేను గిన్నెలు సర్దుతున్నాను. వీధిలోకి చూస్తూనే అడిగాడు.

"మీ అమ్మని మళ్ళీ చూస్తానంటావా?"

నీ పుస్తకాల్లో దీనికి ఎన్ని జవాబులున్నాయో నాకు తెలియదు. నాకు ఒక్కటే వచ్చింది. చూస్తావు నాన్నా అన్నాను. నీకెలా తెలుసని అడుగుతాడేమో, అడిగితే ఏం చెప్పాలా అని గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. అడగలేదు. కాసేపు ఆలోచించి, అయితే ఒక మంచి చొక్కా కుట్టించుకోవాలి, ఉన్నవన్నీ డ్యూటీ చొక్కాల్లాగే ఉన్నాయి అన్నాడు.

ఈ రోజు షాపుకు గంట ఆలస్యంగా వెళ్ళి, ముందు ఆయన్ని బట్టల కొట్టుకు, తర్వాత దర్జీ దగ్గరికి తీసుకెళ్ళాను. గుడ్డ తానే ఎంచుకున్నాడు, లేత నీలం, మూడు కొట్లు తిప్పాక. దర్జీ కొలతలు తీసుకుంటుంటే మెడ దగ్గర వదులుగా ఉండాలని, జేబు పెద్దదిగా పెట్టమని, గుండీలు మంచివి వేయమని ఒకటే చెప్పడం. అంతా రాసుకుని, ఎప్పటికి కావాలండీ అని అడిగాడు దర్జీ.

"తొందరేమీ లేదు," అన్నాడు నాన్న. "నిదానంగా కుట్టు."

నీ అక్క